వింత చేపకు ఏం కావాలి?

ఉప్పునీటి తొట్టె పెట్టి ఏడాది గడిచేసరికి చాలామందిలో ఒక కోరిక తలెత్తుతుంది. మొదట్లో తెచ్చుకున్న క్లౌన్ చేపల జంట కంటికి అలవాటైపోతుంది. ఇంటికొచ్చిన చుట్టం కాసేపు ఆగి చూసే చేప, బందరులోనో గుడివాడలోనో ఇంకెవరింట్లోనూ కనబడని చేప ఒకటి కావాలనిపిస్తుంది. ఆ కోరికలో తప్పేమీ లేదు. దాన్ని చంపుకోమని నేను చెప్పను. దాన్ని ఒక ప్రశ్నగా మార్చుకోమంటాను. ఒక చేప మనకు వింతగా ఎందుకు కనిపిస్తుంది? దాని ఒళ్లు, నోరు, కదలిక మిగతా చేపల్లా ఉండవు కాబట్టి. అవి అలా ఎందుకు తయారయ్యాయి? ఆ చేప బతికే చోటూ, తినే తిండీ చాలా ఇరుకైనవి కాబట్టి. అంటే మనల్ని కట్టిపడేసిన ఆ వింతే ఆ చేప అవసరం. ఆ అవసరాన్ని రోజూ, ఏళ్ల తరబడి తీర్చగలమా లేదా అన్నది ముందు తేలాలి. అందం, ధర, ఇంట్లో ఎక్కడ పెట్టాలన్న ఆలోచన ఆ తర్వాతి సంగతులు.

ఈ మాటకు సాక్ష్యం దివిసీమలోనే ఉంది. నాగాయలంక దాటి సొర్లగొంది, ఎదురుమొండి వైపు వెళితే, పోటు తీసినప్పుడు మడ చెట్ల కింద బురద బయటపడుతుంది. ఆ బురద మీద వేలెడంత ప్రాణులు గెంతుతుంటాయి. దూరం నుంచి కప్పపిల్లల్లా ఉంటాయి గానీ అవి చేపలే. మడ్‌స్కిప్పర్లంటారు. కళ్లు తలకు చెరోపక్కన కాక నడినెత్తిన రెండు బుడిపెల్లా లేచి ఉంటాయి. ఉండుండి ఒక కన్ను లోపలికి కుంగి, తడిసి, మళ్లీ పైకి లేస్తుంది. అదే దాని రెప్పపాటు. ముందు రెక్కలను మోచేతుల్లా ఆనించి ఒంటిని ఈడ్చుకుంటూ నడుస్తుంది. ఒడ్డెక్కే ముందు మొప్పల గదుల్లో నీళ్లు నింపుకుంటుంది కాబట్టి బుగ్గలు ఉబ్బి కనిపిస్తాయి. తడిగా ఉన్న చర్మంతోనూ, నోటి లోపలి పొరతోనూ గాలి నుంచే ఆక్సిజన్ తీసుకుంటుంది. ఒళ్లు ఆరిపోతుందనిపిస్తే తడి బురదలో పక్కకు దొర్లుతుంది. గుడ్లు పెట్టే బొరియ అడుగున ఆక్సిజన్ దాదాపు ఉండదు. అందుకని కొన్ని జాతులు నోటినిండా గాలి పట్టుకుపోయి, ఆ గదిలో వదిలి, మళ్లీ పైకి వచ్చి మళ్లీ పట్టుకుపోతాయి. ఇంతకన్నా వింతైన చేపను లక్షలు పోసినా కొనలేమని నా నమ్మకం.

ఇప్పుడు దీన్ని తెచ్చి నాలుగడుగుల ఉప్పునీటి తొట్టెలో, పగడపు రాళ్ల మధ్య వేశామనుకోండి. మనం ముచ్చటపడిన ప్రతి లక్షణమూ దానికి శత్రువవుతుంది. నడవడానికి నేల ఉండదు. గాలి పీల్చే చేపను రోజంతా నీళ్లలోనే ఉంచితే ప్రాణం మీదికి వస్తుంది. తొట్టెపైన మూత లేకపోతే గెంతి బయట పడి ఎండిపోతుంది. మూత ఉన్నా, నీటిపైన ఉండే గాలి వెచ్చగా, తేమగా లేకపోతే చర్మం పనిచేయదు. అది పుట్టింది నదీ సముద్రమూ కలిసిన చప్పటి ఉప్పునీటిలో. మన తొట్టెలో ఉన్నది 35 పీపీటీ ఉప్పదనం ఉన్న కడలి నీరు. తిండి విషయంలోనూ అన్ని జాతులూ ఒకటి కావు. కొన్ని పురుగుల్నీ చిన్న పీతల్నీ వేటాడతాయి, వాటికి మేత అలవాటు చేయొచ్చు. మరికొన్ని బురద పైపొరలో ఎండకు పెరిగే సన్నటి పాచిని గీక్కుని తింటాయి. ఇంటి తొట్టెలో ఆ బురదను బతికించడం చేపను బతికించడం కన్నా కష్టం. పైగా ఆ మడ అడవిలో చాలా భాగం సుమారు 195 చదరపు కిలోమీటర్ల కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం పరిధిలోనిది. అక్కడి నుంచి అనుమతి లేకుండా ఏ ప్రాణినీ పట్టుకుపోకూడదు, అది బురదలో గెంతే వేలెడు చేపయినా సరే. మడ్‌స్కిప్పర్‌ను చూడాలనుకుంటే పోటు తీసే వేళకు పడవెక్కి వెళ్లి చూడటమే దారి.

మిగతా వింత చేపల్నీ ఇదే కొలతతో కొలవచ్చు. సముద్ర గుర్రానికి పళ్లు లేవు, కడుపు అనే సంచీ లేదు. తిన్నది పేగులోంచి త్వరత్వరగా జారిపోతుంది, అందుకే రోజుకు చాలాసార్లు, కదిలే బుల్లి రొయ్యల్లాంటివి తింటూనే ఉండాలి. అది నిదానంగా తింటుంది, పక్కన చురుకైన చేపలుంటే దాని వాటా మేత వాటి నోట్లోకే పోతుంది. ఇంత ఓపిక ఉన్నవారికైనా ఇక్కడ దారి మూసుకుపోయి ఉంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో 2001లోనే సముద్ర గుర్రాలన్నిటినీ చేర్చారు. నిజమైన పగడాలదీ అదే పరిస్థితి. వలలో పడింది కదా అని ఎవరైనా అమ్మజూపినా తీసుకోకూడదు. మాండరిన్ చేప పడమటి పసిఫిక్ పగడపు దిబ్బలది. నీలం, నారింజ చారలు ముగ్గు వేసినట్టుంటాయి. అది రాళ్లలో పెరిగే కోపీపాడ్లను ఒక్కొక్కటిగా ఏరుకుని తింటుంది. మన రొయ్యల రైతులు ప్లాంక్టన్ అని పిలిచే దానిలోని బుల్లి జీవులే ఇవి. ఏడాదైనా నిండని తొట్టెలో ఆ జీవులు తగినన్ని ఉండవు. ఉన్నవాటిని కొద్ది వారాల్లో తినేసి, పైన వేసిన మేతను ముట్టకుండా, చుట్టూ తిండి ఉండగానే చేప సన్నబడి చచ్చిపోతుంది. పొట్ట ఉబ్బించే పఫర్ చేపకు నాలుగు పళ్లు కలిసిపోయి చిలుక ముక్కులా ఉంటాయి. ఆ ముక్కు జీవితాంతం పెరుగుతూనే ఉంటుంది, గట్టి గుల్లలు కొరికితేనే అరుగుతుంది. మెత్తటి మేత మీదే పెంచితే పళ్లు పెరిగి పెరిగి చివరికి నోరు తెరవలేకపోతుంది.

ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నా వాదన స్పష్టమవుతుంది. సముద్ర గుర్రాన్ని చట్టమే కాదంటోంది. మాండరిన్‌ను మన తొట్టె వయసు కాదంటోంది. పఫర్ ఒక్కటే మనం తీర్చగల అవసరంతో వస్తోంది. నత్తలు, గుల్లతో ఉన్న చిన్న రొయ్యలు, బుల్లి పీతలు కృష్ణా డెల్టాలో దొరకనిది ఎప్పుడు? అయితే పఫర్ తోటి చేపల రెక్కలు కొరుకుతుంది, తొట్టె శుభ్రం చేస్తాయని పెట్టుకున్న రొయ్యల్నీ నత్తల్నీ నములుతుంది, కాబట్టి దానికి వేరే తొట్టె కావాలి. దాని లోపలి అవయవాల్లో టెట్రోడోటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. ఏ పరిస్థితిలోనూ అది వంటింటి వైపు పోకూడదు. ఇవన్నీ ఒప్పుకుని, దానికోసం వేరుగా తొట్టె పెట్టగలిగినవారికే ఆ చేప. రంగును చూసి ఎంచుకుంటే మాండరిన్ దగ్గర ఆగేవాళ్లం. అవసరాన్ని చూసి ఎంచుకున్నాం కాబట్టి, చూపుకు అంత గొప్పగా లేని పఫర్ ముందుకొచ్చింది.

దుకాణంలో అడిగితే ఏ చేపయినా అన్నీ తింటుందనే చెబుతారన్నది మామూలు ఫిర్యాదు. అమ్మేవారి మాట నమ్మాలా వద్దా అన్న చర్చ అనవసరం. మేత వేసి చూపించమని అడగండి. కళ్లముందు తినని చేపను కొనకండి. ఒకవేళ తిన్నా, ఏం తిన్నది, అది మీకు ఏడాది పొడవునా దొరుకుతుందా అని ఆలోచించండి. కొన్న తర్వాత కూడా ఇదే కన్ను కావాలి. చెరువు గట్టున ఉన్నవారికి చెక్ ట్రే గురించి వేరే చెప్పనక్కర్లేదు. వేసిన మేతలో ఎంత మిగిలిందో ట్రే పైకి లాగి చూసుకుని, మర్నాటి మేత నిర్ణయిస్తారు. ఇంటి తొట్టెలోనూ ఒక చిన్న గాజు పళ్లెంలో మేత పెడితే చాలు, కొత్త చేప తింటోందో, పాత చేపలే దాని వాటా లాక్కుంటున్నాయో పది నిమిషాల్లో తెలిసిపోతుంది.

ఇక నీళ్ల సంగతి. సముద్రం పక్కనే ఉండగా ఉప్పు పొట్లాలు కొనడం దేనికి, మంగినపూడి నుంచి నాలుగు డబ్బాల నీళ్లు తెచ్చుకుంటే పోదా అన్న అభ్యంతరం మన ప్రాంతంలో అందరికన్నా ముందు వస్తుంది. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ మంగినపూడి ఒడ్డు లోతు తక్కువ, అడుగు నల్లటి బంకమట్టి. వరదల కాలంలో కృష్ణా గోదావరులు మోసుకొచ్చే మంచినీరు తీరం వెంట సముద్రం పైపొరను పలచబరుస్తుంది. వేసవిలో తెచ్చిన డబ్బాకూ అక్టోబరులో తెచ్చిన డబ్బాకూ ఉప్పదనం ఒకటి కాదు. దిబ్బల చేప తరతరాలుగా ఎరిగింది దాదాపు మారని ఉప్పదనాన్ని. అదీ కాక, ఒడ్డు నీటిలో కాలువలూ చెరువులూ వదిలిన మురుగు, రోగాల బీజాలు కలిసి ఉంటాయి. రొయ్యల హేచరీలు కూడా సముద్రపు నీటిని వడకట్టి, శుద్ధి చేశాకే వాడతాయి. అంత ఏర్పాటు ఇంట్లో లేనప్పుడు ఆర్వో నీటిలో సముద్రపు తొట్టెలకని అమ్మే ఉప్పు కలుపుకోవడమే మేలు. నూరు లీటర్లకు రమారమి మూడున్నర కిలోలు పడుతుంది. రాత్రంతా గాలి పంపుతో తిప్పి, మర్నాడు సెలైనిటీ చూసుకుని వాడాలి.

మరి ఇంటి బోరు నీళ్లే ఉప్పగా ఉన్నాయి కదా అంటే, దానికి జవాబు మన వెనామీ రొయ్యల రైతుల దగ్గరే ఉంది. బోరు నీటితో చెరువు నింపినవారు పొటాషియం, మెగ్నీషియం మినరల్స్ ఎందుకు చల్లుతారు? సెలైనిటీ మీటరు మీద అంకె సరిపోయినా, ఆ ఉప్పులో ఉండాల్సిన పాళ్లు లేకపోతే రొయ్య గుల్ల గట్టిపడదు, ప్రాణం నిలవదు. సముద్రంలో ఎక్కడికి వెళ్లినా ప్రధాన లవణాల పాళ్లు దాదాపు ఒకటే. 35 పీపీటీ నీటిలో లీటరుకు మెగ్నీషియం దాదాపు 1,290 మిల్లీగ్రాములు, కాల్షియం 410, పొటాషియం 390 ఉంటాయి. నేల పొరల్లో చిక్కుకున్న ఉప్పునీటికి ఆ లెక్క ఉండదు. వంటింటి ఉప్పు అసలే పనికిరాదు, అది ఒక్క సోడియం క్లోరైడు. ఇంకొక చిన్న విషయంలో చాలామంది పొరబడతారు. ఎండకు తొట్టెలో నీళ్లు ఆవిరైతే ఉప్పు లోపలే ఉండిపోతుంది. తగ్గిన మేరకు మళ్లీ ఉప్పునీళ్లు పోస్తే ఉప్పదనం వారం వారం పెరిగిపోతుంది. ఆవిరైన లోటును మంచినీటితోనే పూడ్చాలి.

గుడివాడ, నందివాడ వైపు బొచ్చె, శీలావతి, రూప్‌చంద్ పెంచిన అనుభవం ఉన్నవారికి ఉప్పునీటి చేప ఏపాటి అనిపించవచ్చు. ఆ అనుభవం నిజంగా పెద్ద ఆస్తి, నేను దాన్ని తక్కువ చేయను. కానీ రెండుచోట్ల అది దారి తప్పిస్తుంది. ఒకటి అమ్మోనియా. చేప విసర్జనలోంచి వచ్చే అమ్మోనియా నీటిలో రెండు రూపాల్లో ఉంటుంది. వాటిలో ఒకటి మాత్రమే ప్రాణం తీసేది, పీహెచ్ పెరిగేకొద్దీ దాని వాటా పెరుగుతుంది. 30 డిగ్రీల నీటిలో పీహెచ్ 7 దగ్గర అది నూటికి ఒకటి కూడా ఉండదు, 8.2 దగ్గర పది దాకా ఉంటుంది. సముద్రపు తొట్టె పీహెచ్ ఎప్పుడూ ఆ 8.2 చుట్టుపక్కలే ఉండాలి. మధ్యాహ్నం పీహెచ్ పెరిగినప్పుడు చెరువులో అమ్మోనియా దెబ్బ ఎలా ఉంటుందో తెలిసినవారు, ఉప్పునీటి తొట్టెలో ఎప్పుడూ మిట్టమధ్యాహ్నమేనని గుర్తుపెట్టుకుంటే చాలు. రెండోది ఊపిరి. 30 డిగ్రీల మంచినీరు లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలిగితే, అదే వేడిలో సముద్రపు నీరు ఆరింటికి కాస్త పైన ఆగిపోతుంది. మే నెలలో గుడివాడ ఇంట్లో నీరు 32 డిగ్రీలు చేరడం విడ్డూరం కాదు. దిబ్బల చేపకు 25 నుంచి 27 డిగ్రీలు హాయి. ఫ్యాను గాలి నీటిపైన తగిలితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. అది చాలకపోతే చిల్లర్ పెట్టాలి, దాని కరెంటు ఖర్చును చేప ఖర్చులోనే కలిపి లెక్కేసుకోవాలి.

కొత్త తొట్టెలో అమ్మోనియాను తినే బాక్టీరియా, అది వదిలే నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా రాళ్ల మీదా ఇసుకలోనూ కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈ నిరీక్షణను అందరూ ఒప్పుకుంటారు. ఏడాది వయసున్న తొట్టెలో కొత్త చేపను వేయడానికి కూడా మళ్లీ నిరీక్షించాలంటేనే చికాకు పడతారు. నా దృష్టిలో ఈ రెండో నిరీక్షణే ముఖ్యమైనది. కొత్త చేపను నాలుగు నుంచి ఆరు వారాలు వేరే తొట్టెలో ఉంచాలి. దుకాణంలో బాగానే ఉంది కదా అంటే, 1990ల మధ్యలో రొయ్యల సీడ్ కూడా చూపుకు బాగానే ఉండేదని గుర్తుచేస్తాను. తెల్లమచ్చ రోగం టైగర్ రొయ్యల చెరువులను ఎలా ఊడ్చేసిందో ఈ తీరంలో వయసు మళ్లిన రైతునెవరినైనా అడగండి. ఆ దెబ్బ తగిలింది కాబట్టే, 2009లో వెనామీకి దారి తెరిచినప్పుడు విదేశాల నుంచి వచ్చే తల్లి రొయ్యలను ముందు చెన్నై దగ్గర నీలాంకరైలోని క్వారంటైన్ కేంద్రంలో ఉంచి, పరీక్షించాకే హేచరీలకు పంపే పద్ధతి పెట్టారు. కోట్ల వ్యాపారానికి తగిన జాగ్రత్త అయిదువందల చేపకు ఎందుకని తీసిపారేయకండి. ఆ అయిదువందల చేప వెంట వచ్చే రోగానికి బలయ్యేది తొట్టెలోని మిగతా చేపలన్నీ.

ఉప్పునీటి చేపలకూ తెల్లమచ్చ అని పిలిచే జబ్బు ఉంది. పేరు కలిసినా రొయ్యలది వైరస్, దీన్ని కలిగించేది క్రిప్టోకారియన్ అనే ఏకకణ పరాన్నజీవి. చేప ఒంటి మీద ఉప్పు చల్లినట్టు కనిపించే ఆ చుక్కలు కొద్ది రోజుల్లో రాలిపోతాయి. నయమైందని సంబరపడతాం. రాలిన జీవి అద్దానికీ ఇసుకకూ అంటుకుని వందలుగా చీలి, మళ్లీ చేపను వెతుక్కుంటూ వస్తుంది. రాగి మందు దాన్ని చంపుతుంది, కానీ రొయ్యల్నీ నత్తల్నీ పగడాల్లాంటి జీవాల్నీ కూడా చంపుతుంది. కాబట్టి ప్రధాన తొట్టెలో ఆ మందు వేయలేం. వేరే తొట్టె అవసరం ఇక్కడే తెలుస్తుంది. అది గొప్పగా ఉండనక్కర్లేదు. ఒక ప్లాస్టిక్ టబ్బు, నురుగు ఫిల్టరు, గాలి పంపు, దాక్కోవడానికి రెండు పీవీసీ పైపు ముక్కలు సరిపోతాయి. వింత చేపకు ఇది ఇంకో మేలు కూడా చేస్తుంది. పోటీ లేని చోట అది మన మేతకు అలవాటు పడుతుంది. దాని అవసరం మనకు నిజంగా అర్థమైందో లేదో కూడా అక్కడే తేలిపోతుంది.

సంచి విప్పే పద్ధతిలో మన రొయ్యల రైతులకు ఉన్న నేర్పు తొట్టెవారికి ఎంతో పనికొస్తుంది. సీడ్ సంచులను చెరువు నీటిలో తేలనిచ్చి, వేడి సమానమయ్యాక, మెల్లగా చెరువు నీరు కలుపుతూ వదలడం వారికి అలవాటే. చేపకూ అంతే, ఒక్క తేడాతో. ఒక రాత్రంతా ప్రయాణం చేసి వచ్చిన సంచిలో చేప వదిలిన కార్బన్ డయాక్సైడు పీహెచ్‌ను కిందికి లాగి ఉంచుతుంది, అందువల్ల పేరుకున్న అమ్మోనియా అప్పటిదాకా పెద్దగా హాని చేయదు. సంచి విప్పగానే ఆ వాయువు పోతుంది, పీహెచ్ లేస్తుంది, అమ్మోనియా ఒక్కసారిగా విషమవుతుంది. కాబట్టి దూరం నుంచి వచ్చిన చేపను విప్పిన సంచిలో గంటలకొద్దీ ఉంచకూడదు. బయలుదేరిన చోట సెలైనిటీ ఎంతో ముందే అడిగి, టబ్బు నీటిని అంతకే కలిపి పెట్టుకుంటే, వేడి సమానమైన వెంటనే చేపను మార్చేయవచ్చు. సంచి నీటిని మాత్రం టబ్బులో పోయకూడదు. ఆ తర్వాత ఉప్పదనాన్ని రోజుకు ఒకటి రెండు పీపీటీ చొప్పున మన అంకెకు తెచ్చుకోవచ్చు.

కరెంటు మాట కూడా ముందే ఆలోచించాలి. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ లాంటి తుపాను వస్తే, గాలి పంపు ఆగిన తొట్టెలో ఆక్సిజన్ గంటల్లోనే పడిపోతుంది. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు తొట్టెలో పట్టేది దాదాపు 250 లీటర్లు. అందులో పది ప్రాణాలకు బ్యాటరీ గాలి పంపు ఒకటి సిద్ధంగా ఉంచడం పెద్ద ఖర్చేమీ కాదు. తుపాను రోజుల్లో మేత ఆపేయడం ఇంకా మంచిది. తినని చేప తక్కువ ఊపిరి వాడుతుంది, తక్కువ అమ్మోనియా వదులుతుంది.

పెంచలేకపోతే వదిలేస్తాను, కాలువ దగ్గరే ఉంది కదా, సముద్రమూ దగ్గరే కదా అనేవారున్నారు. జాలితో అనే మాటే అది, కానీ దాని ఫలితం ఈ డెల్టా ఇప్పుడు అనుభవిస్తోంది. తొట్టె అద్దాలు శుభ్రం చేస్తుందని అమ్మే దక్షిణ అమెరికా చేప, ఒళ్లంతా ముళ్ల పలకలున్నది, మన చెరువుల్లోకీ కాలువల్లోకీ చేరి దెయ్యం చేప అన్న పేరు తెచ్చుకుంది. వలలు చింపుతుంది, గట్లకు బొరియలు పెడుతుంది, పెంపకం చేపల మేత తింటుంది. అది తూర్పు కనుమల నీళ్లలో ఎంతగా వ్యాపించిందో నీటిలో కలిసిన డీఎన్ఏ ఆధారంగా హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రవేత్తలు గుర్తించే పని చేశారు. సముద్రంలోనూ ఇంతే జరిగింది. లయన్ ఫిష్ మన బంగాళాఖాతానికి కొత్త కాదు, ఇక్కడ దాన్ని అదుపులో ఉంచే జీవాలున్నాయి. అదే చేప 1985లో అమెరికాలోని ఫ్లోరిడా తీరంలో కనబడింది. తొట్టెల్లోంచే చేరి ఉంటుందని భావిస్తున్నారు. ఇప్పుడు కరీబియన్ దిబ్బలన్నిటా చిన్న చేపలను మింగేస్తోంది. చేపను కొనే రోజే, మనం పెంచలేని రోజు వస్తే తీసుకునే మనిషి ఎవరో తెలిసి ఉండాలి. అలాంటి మనిషి లేకపోతే ఆ చేప వద్దు.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం వేరే ఉంది. కడలిలో తిరిగే ప్రాణిని అద్దాల పెట్టెలో పెట్టడమే తప్పు కాదా? దీన్ని నేను తేలిగ్గా దాటలేను. మంచినీటి రంగు చేపల్లో అత్యధికం పెంపకంలో పుట్టినవి. ఉప్పునీటివాటిలో అత్యధికం ఇప్పటికీ దిబ్బల మీద పట్టినవి. కొన్ని దేశాల్లో వాటిని సైనైడు చల్లి మత్తెక్కించి పడుతున్నారు. అలా పట్టిన చేప మన చేతికొచ్చేసరికే సగం చచ్చి ఉంటుంది. కాబట్టి పెంపకంలో పుట్టిన చేపనే కొనాలన్నది నా పట్టుదల. ఇది సాధ్యమైన పనే. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ తమిళనాడులోని మండపంలో క్లౌన్ చేపల హేచరీ పద్ధతిని తీర్చిదిద్దింది. హేచరీలో పుట్టిన చేప పొడి మేతకు అలవాటుపడే వస్తుంది, అద్దం దానికి కొత్త కాదు. అయితే హేచరీ పుట్టుక ఒక్కటే చాలదు. పండుగప్ప పిల్లను కూడా హేచరీలోనే పుట్టిస్తున్నారు. చెన్నైలోని చప్పటి ఉప్పునీటి పెంపకపు పరిశోధన సంస్థ సీబా 1997లోనే ఆ విజయం సాధించింది. వేలెడంత పిల్ల ముచ్చటగానే ఉంటుంది. కానీ అది కిలోల బరువు పెరిగే వేటగాడు, నోట్లో పట్టిన ప్రతి చేపనూ మింగుతుంది.

నన్నడిగితే ఈ ప్రాంతంవారికి సరిపోయే అపురూపమైన చేప దువ్వెన చేప. బోదె కాలువల్లోనూ ఉప్పుటేరుల్లోనూ పెరిగే దాన్ని వంటింట్లో తప్ప చూసి ఉండం కాబట్టి ఇందులో వింతేముంది అనిపిస్తుంది. కేరళలో అదే కరిమీన్, ఆ రాష్ట్రపు చేప. ముదురాకుపచ్చ ఒంటి మీద వరుసలుగా ముత్యాల్లాంటి చుక్కలుంటాయి. ఆడా మగా జంటకట్టి, రాతినో కర్రనో నోటితో శుభ్రం చేసి గుడ్లు అంటించి, రెక్కలతో విసురుతూ కాపలా కాస్తాయి. పిల్లలు గుంపుగా ఈదుతుంటే రెండూ రెండు వైపులా ఉండి నడిపిస్తాయి. ఆ కాపలానే దాని వింత. ఆ వింత కోరేది చోటు, ప్రశాంతత, పాచీ ఆకుకూరా లాంటి మేత. మూడూ మనం ఇవ్వగలిగినవే. కడలి ఉప్పును కూడా అది తట్టుకుంటుంది, వారాల తరబడి మెల్లగా పెంచుకుంటూ పోతే. జానెడు దాటి పెరుగుతుంది కాబట్టి నాలుగడుగుల తొట్టె జంటకు కనీసం.

టబ్బులో ఆరు వారాలు పూర్తయి, చేప మీ చేతి మేత తింటూ, ఒంటి మీద చుక్కా మచ్చా లేకుండా ఉంటే, మార్చే పని సాయంత్రం పెట్టుకోండి. ముందు పాత చేపలకు కడుపునిండా మేత వేయండి. తొట్టెలోని రాళ్లను రెండు మూడింటిని అటూ ఇటూ మార్చండి, అప్పుడు ఏ చేపకూ తన చోటని పోట్లాడే హద్దు మిగలదు. టబ్బు నీరూ తొట్టె నీరూ సెలైనిటీలోనూ వేడిలోనూ ఒకటేనని చూసుకుని, వలకు బదులు ఒక గిన్నెతో చేపను పైకి తీసి, గిన్నెను నీటిలో ముంచి వంచండి. అది తనంతట తాను బయటికి ఈదుతుంది. తర్వాత దీపం ఆర్పేసి, ఆ రాత్రికి అద్దం దగ్గరికి వెళ్లకండి.